సిబిల్ క్లియర్ చేస్తమనేటోళ్లతో జాగ్రత్త, ఐపీ అయినోళ్లు మరీ జాగ్రత్త

పేరు రాయను. హనుమకొండల ఆటోల వెనక "సిబిల్ ఎంత ఉన్నా లోన్ గ్యారంటీ, సెటిల్డ్, రైటాఫ్ తీసేస్తం" అన్న పోస్టర్ చూసినోళ్లకు ఎవరి గురించి రాస్తున్ననో అర్థమైతది. సిబిల్ అంటే మన అప్పులు, కట్టిన తీరు రాసిపెట్టి స్కోరు ఇచ్చే కంపెనీ. సెటిల్డ్ అంటే కొంత కట్టి మిగతాది మాఫీ చేయించుకున్న అప్పు, రైటాఫ్ అంటే ఇగ రాదని బ్యాంకు లెక్కల పక్కన పెట్టిన అప్పు. పోయింది 28,000. పోయింది మా బావవి. ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణం, అది మునిగింది, అదాలత్‌ల ఐపీ (అప్పులు కట్టలేనని దివాలా పిటిషన్) పడ్డది, వయసు 60 దాటింది. మిగతాది మార్కెట్ల అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పేదేం లేదు.

మొదలు 8,000 "ఫైల్ చార్జి". తర్వాత 20,000 "బ్యాంకు లోపలి మనిషికి". పైసలు ముట్టేదాక "అంకుల్, కూర్చోండి అంకుల్, చాయ్ చెప్తా". స్కోరు పెరగకపోగా తగ్గింది. పైసలు వాపస్ అడిగితే ఆ పిల్లగాడు కంప్యూటర్ మీది నుంచి తల కూడా ఎత్తలే. "అప్పులోళ్లకు ఎగ్గొట్టి ఐపీ పెట్టినప్పుడు యాదికి రాలే, ఇప్పుడు 28,000కు లెక్క అడుగుతున్నవా పెద్దమనిషీ?" అన్నడు. వయసుల మనుమడంత ఉంటడు. పక్క కుర్చీల ఫైలు పట్టుకొని ఇంకో ఇద్దరు ముసలోళ్లు కూసున్నరు, వాళ్లు వింటున్నరనే గొంతు పెంచి అన్నడు. బావ లేచి వచ్చేసిండు, ఒక్క మాట మాట్లాడలే. వాళ్ల యాపారానికి పెట్టుబడి గీ సిగ్గే. ఐపీ అయినోడు పోలీసు దగ్గరికి పోడు, నలుగుర్ల చెప్పుకోడు అని వాళ్లకు బాగా తెలుసు. అందుకే నలుగుర్ల పెడుతున్న.

ఇగ వాళ్లు చేసిన "పని" ఏందో చూడండి. ఫోన్ తీసుకొని, ఓటీపీ అడిగి, సిబిల్ సైట్ల బావ పేరు మీద ఖాతా తెరిచిన్రు. మెయిల్ ఐడీ మాత్రం వాళ్లది. అంటే రిపోర్టు వాళ్లకు పోతది, మనకు కాదు. అందుల ఉన్న మూడు అప్పుల మీద "ఈ అప్పు నాది కాదు" అని డిస్ప్యూట్ (రిపోర్టుల తప్పుందని ఫిర్యాదు) పెట్టిన్రు. డిస్ప్యూట్ పడంగనే ఆ అప్పు పక్కన విచారణల ఉన్నట్టు ఒక గుర్తు వస్తది. దాన్నే స్క్రీన్‌షాట్ తీసి "చూడండి అంకుల్, పని షురువైంది" అని పంపిన్రు. ఆ గుర్తు చూపించే రెండో విడత 20,000 గుంజిన్రు.

సిబిలోళ్లు తమంతట తాము అందుల ఒక్క అక్షరం మార్చరు. అప్పిచ్చిన బ్యాంకును అడుగుతరు, బ్యాంకు "అప్పు నిజమే" అంటే ఆ గుర్తు పోతది, అప్పు అట్లనే ఉంటది. అప్పిచ్చినోడు రాసుకున్న ఖాతాబుక్కును దారిన పోయేటోడు వచ్చి దిద్దుత అంటే నమ్ముతమా? కానీ అదే మాట కంప్యూటర్ ముంగట కూసొని చెప్తే నమ్ముతం, చదువుకున్నోళ్లం కద మరి. "బ్యాంకు లోపలి మనిషి" అనేటోడు ఎక్కడా లేడు. లోన్ ఆఫీసరైనా, మేనేజరైనా, కట్టని అప్పును కట్టినట్టు రాస్తే వాని నౌకరి పోతది. 20,000కు ఎవడు రాస్తడు?

ఐపీ అయినోళ్లకు ఇందుల ఇంకో గండం ఉంది, అది ఆ పిల్లగానికి తెల్వదు, తెలిసినా పట్టదు. ఐపీ వేసినప్పుడు అప్పులోళ్ల జాబితా మన సంతకంతోనే కోర్టుల పడ్డది. ఆ జాబితాల ఉన్న బ్యాంకు అప్పునే ఇక్కడ "నాది కాదు" అని రాసిస్తే, రెండు కాగితాలు ఒకదానికొకటి అబద్ధం. రేపు డిశ్చార్జి (పాత అప్పుల నుంచి కోర్టు విడుదల చేసుడు) పిటిషన్ విచారణల అప్పులోళ్ల వకీలు గీ డిస్ప్యూట్ కాగితం తీసి చూపిస్తే జవాబు చెప్పాల్సింది బావనే, ఆ ఆఫీసు కాదు.

అంతటితోని ఆగలే. "స్కోరు కదలాలంటే కొత్త లోన్ పడాలె" అని వారం లోపల ఐదు లోన్ యాప్‌లల్ల దరఖాస్తు పెట్టిన్రు. రిపోర్టుల ఐదు ఎంక్వైరీలు (అప్పిచ్చేటోడు మన రిపోర్టు చూసినట్టు గుర్తులు) పడ్డయి. ఐదూ తిరస్కారం అయ్యేటివే, కానీ ఒక దాంట్ల 12,000 సాంక్షన్ దాకా పోయింది. ఈ-సైన్ (ఆన్‌లైన్ సంతకం) ఓటీపీ వచ్చినప్పుడు బావకు అనుమానం వచ్చి చెప్పలే, అక్కడ ఆగింది. ఆగింది కాబట్టి బతికిపోయిండు. మన దగ్గర మామూలు మనుషుల దివాలాకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016ల కొత్త దివాలా కోడ్ వచ్చింది గాని అందులో వ్యక్తుల భాగం 2019 డిసెంబర్ నుంచి కంపెనీ అప్పులకు పూచీ పడ్డోళ్ల వరకే అమలైంది. ఆ పాత చట్టం సెక్షన్ 72 ఏమంటదంటే, కోర్టు ఇన్సాల్వెంట్ (దివాలా తీసినోడు) అని ప్రకటించినంక డిశ్చార్జి కాని మనిషి, ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు, అంతకు మించి ఎంత అప్పు తీసుకున్నా ఆరు నెలల దాకా జైలు, లేదా జుర్మానా, లేదా రెండూ. అవును, యాభై రూపాయలే, వందేళ్ల కింది లెక్క, ఎవరూ మార్చలే. దరఖాస్తు పెడితే కాదు, పైసలు ఖాతాల పడితే నేరం. యాప్‌ల ఫారంల "నేను డిశ్చార్జి కాని ఇన్సాల్వెంట్‌ను" అని ఆ ఆఫీసోళ్లు రాసి ఉంటరా? మనిషిని బాగు చేస్తమని తీసుకపోయి జైలు గుమ్మం ముందు నిలబెట్టిన్రు, మీదికెళ్లి 28,000 ఫీజు.

ఇది చదివే ఐపీ మనుషులు ఒక్కటి ముందు చూసుకోండి, మీది ఏ దశల ఉంది? వకీలు నోటీసు పంపిస్తే ఐపీ అయిపోయినట్టు కాదు, మనోళ్లు చానా మంది అక్కడనే ఆగుతరు. పిటిషన్ నంబర్ పడాలె, కోర్టు ప్రకటించాలె, ఆ ఆర్డర్ల డిశ్చార్జికి ఎన్ని రోజుల్ల దరఖాస్తు పెట్టాల్నో రాసి ఉంటది. ఆ గడువుల పెట్టకపోతే ఇచ్చిన ఆర్డర్‌నే కోర్టు రద్దు చేస్తది, మళ్లీ అప్పులోళ్లందరు ఎవరి దావా వాళ్లు తెరుస్తరు. డిశ్చార్జి కాకముందు కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా కోర్టు చేతికి, రిసీవర్ (ఆస్తి చూసుకునేందుకు కోర్టు పెట్టినోడు) చేతికి పోయేదే. కాబట్టి డిశ్చార్జి రాకముందే "స్కోరు కోసం ఎఫ్‌డీ వేయండి" అని ఎవడన్నా చెప్తే వానికి ఓ దండం పెట్టండి. డిశ్చార్జి అయినా సర్కారుకు కట్టాల్సినవి పోవు, మోసం చేసి తెచ్చినవి పోవు. జమానతు ఉన్నోని మీద బాకీ కూడా పోదు. మీకు సంతకం పెట్టిన బామ్మర్ది సిబిల్ మీ డిశ్చార్జితోని బాగుపడదు, ఈ సంగతి ఆయనకు ముందే చెప్పండి.

రిపోర్టు తీసుకునుడు పైసల్లేని పని. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు కంపెనీలు ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇయ్యాలె, ఆర్బీఐ రూలు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. మెయిల్ మీదో, మీ బిడ్డదో, కొడుకుదో పెట్టుకోండి, ఇంటర్నెట్ సెంటరోనిది కాదు. దాంట్ల నిజంగ తప్పులుంటయి, అవే డిస్ప్యూట్‌కు పనికొచ్చేటివి. కట్టేసిన అప్పు ఇంకా బాకీ చూపిస్తది. బ్యాంకు అప్పును రికవరీ కంపెనీకి అమ్మితే అదే అప్పు రెండు చోట్ల కనపడతది. ఇంటిపేరు, తండ్రిపేరు కలిసిన ఇంకొకని అప్పు మన మీద పడతది, మన ఇనీషియళ్ల గందరగోళంల ఇది చానా మామూలు. ఇట్లాంటిదానికి డిస్ప్యూట్ పెడితే బ్యాంకుకు 21 రోజులు, మొత్తం మీద 30 రోజులు. దాటితే రోజుకు 100 రూపాయలు మనకే ఇయ్యాలె, 2024 ఏప్రిల్ 26 నుంచి ఉన్నది. అయినా కాకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినేటోళ్లు), 14448కి ఫోన్ చేస్తే చెప్తరు, దానికీ ఫీజు లేదు.

"సెటిల్డ్" అని ఉన్నది తప్పు కాదు, అది నిజం. అది "క్లోజ్డ్" కావాలంటే అప్పుడు మాఫీ చేసిన బాకీ కట్టి, నో డ్యూస్ (బాకీ ఏం లేదన్న) కాగితం తీసుకొని, రిపోర్టుల మార్చమని బ్యాంకుకు రాతపూర్వకంగ ఇయ్యాలె. అప్పు అమ్ముడుపోయి ఉంటే ఆ కాగితం కొన్న కంపెనీ ఇయ్యాలె, పాత బ్రాంచిల తిరిగి లాభం లేదు. కట్టే ముందే లెటర్ మీద "ఇంత కడితే క్లోజ్డ్ అని రిపోర్టు చేస్తం" అని రాయించుకోండి. ఫోన్ల చెప్పిన మాటకు విలువ లేదు. చిన్న మొత్తమైతే ఇది చేయండి. లక్షలల్ల ఉంటే 62 ఏండ్ల మనిషి స్కోరు కోసం ఉన్న ముసలితనం పైసలు పోసుడు నాకైతే తెలివి అనిపియ్యదు. ఆ వయసుల ఇంటి లోన్ ఎవడూ 20 ఏండ్లకు ఇయ్యడు. సెటిల్ చేసుకున్న బ్యాంకు, వ్యవసాయ అప్పు కానిదానికి, కనీసం 12 నెలలు మళ్లీ ఇయ్యొద్దని 2023 జూన్‌ల ఆర్బీఐనే చెప్పింది. మరి "15 రోజుల్ల లోన్ గ్యారంటీ" ఎవడిస్తడు, వాని ఇంట్లకెళ్లి ఇస్తడా?

డిశ్చార్జి అయినోళ్లకు స్కోరు కావాల్నంటే దారి ఒక్కటే, అది నెమ్మది. పాత బాకీ లేని బ్యాంకుల 20,000, 25,000 ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకోండి. బాకీ ఉన్న బ్యాంకుల వేస్తే వాళ్లు ఆ ఎఫ్‌డీనే పాత బాకీకి జమ చేసుకునే ప్రమాదం ఉంది, ఇది కూడా ఆ ఆఫీసు చెప్పలే. కార్డు మీద కరెంటు బిల్లు, మందులు, అంతే. లిమిట్‌ల మూడో వంతు దాటకండి. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు "మినిమం డ్యూ" కాదు, "టోటల్ డ్యూ" మీద టిక్ పెట్టండి. మినిమం కట్టుకుంట పోతే మిగిలినదానికి చానా కార్డుల్ల ఏడాదికి 30 శాతం పైన వడ్డీ. రిపోర్టుల ఒక్కో అప్పుకు 36 నెలల చరిత్ర కనపడతది, పాత మచ్చలు వెనక్కి పోవాలంటే కొత్త నెలలు ముంగటికి రావాలె. దీనికి అడ్డదారి లేదు.

కొంచెం పైసలు మిగిలితే రిజిస్టర్ కాని చిట్టీలల్ల, "నెలకు మూడు రూపాయల వడ్డీ" అనేటోళ్ల దగ్గర పెట్టకండి, అక్కడ పోతే అడిగే దిక్కు ఉండదు. బ్యాంకుల ఒక్కో బ్యాంకుకు 5 లక్షల దాకా బీమా ఉంది. 60 దాటినోళ్లకు పోస్టాఫీసుల సీనియర్ సిటిజన్స్ స్కీం, 2023 ఏప్రిల్‌ల వడ్డీ 8.2 శాతం చేసిన్రు. ఆ లెక్కన లక్షకు మూడు నెలలకోసారి 2,050 వస్తది. ముందు ఆరోగ్యశ్రీల పేరు ఉందో లేదో చూసుకోండి, ఈ వయసుల రెండోసారి మునిగేది ఎక్కువ దవాఖాన బిల్లుతోనే.

ఇప్పటికే వాళ్లకు ఫోన్ ఇచ్చినోళ్లు ఇయ్యాల్నే సిబిల్ సైట్ల మెయిల్ మార్పించండి, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి, రిపోర్టు తీసి ఎంక్వైరీలు చూడండి. మీరు పెట్టని దరఖాస్తు కనపడితే ఆ కంపెనీకి మెయిల్ చేయండి. ఖాతా నుంచి పైసలు పోతే 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్)కు ఫోన్ చేయండి. ఇచ్చిన ఫీజుకు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపల ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపల వేయాలె. రసీదు మీద "నాన్ రీఫండబుల్" అని రబ్బర్ స్టాంపు ఉందని ఆగకండి, ఆ రసీదు, స్క్రీన్‌షాట్లు, ఫోన్‌పే ఎంట్రీ మూడూ జెరాక్స్ తీసి పెట్టుకోండి. బావది వచ్చే వారం వేస్తున్నం. అదే ఆఫీసుల పైసలు కట్టినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, కలిసి వేద్దాం.