పర్లాకిమిడి కొండల్లో మెర్లిన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌ని ఒడిశాలోని మా గజపతి జిల్లాలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. పర్లాకిమిడిలో మేడ మీద, మహేంద్రతనయ ఒడ్డున, సెలవు దొరికితే గండాహతి జలపాతం దారిలో. మామూలు పిట్టలకు దీన్ని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. అరుదైన వాటికి మాత్రం ఇది చెప్పేది వెతకమనే మాటే, తీర్పు కాదు.

అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ 2014లో తెచ్చిన ఉచిత యాప్ ఇది. కూతను గుర్తించే సౌండ్ ఐడీ 2021లో వచ్చింది. మన ప్రాంతం ప్యాక్ ఇంటి దగ్గరే దించుకుంటే కొండ మీద సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. రికార్డు మొదలవగానే శబ్దం తెర మీద గీతలుగా పారుతుంది. పిట్ట కూసినప్పుడల్లా దాని పేరు పసుపు రంగులో వెలుగుతుంది.

నాకు ఎక్కువ మేలు జరిగింది చలికాలపు వార్బ్లర్లతో. చిన్న పిట్టలు, వెలిసిన రంగులు, ఆకుల మధ్య ఒక్క క్షణం నిలవవు. బైనాక్యులర్ ఎత్తేలోపే మాయం. కింది పొదలోంచి పొడిగా ‘చెక్, చెక్’ అంటే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. పైకొమ్మల్లోంచి ‘చిస్వీ’ అంటే గ్రీనిష్ వార్బ్లర్. తెర మీద పేరు చూస్తూ వినగా వినగా చెవి తేరింది, ఇప్పుడు ఈ రెండింటికీ ఫోన్ తీయడం లేదు. అసలు ఫోనే అక్కర్లేని వాళ్లూ ఉన్నారు. జీడితోట కాపలా తాత తల ఎత్తకుండానే, ‘వంగపండు కాదేటి బాబూ అది?’ అనేస్తాడు. గోల్డెన్ ఓరియోల్‌కి మన తెలుగు పేరు అది.

అడవిలోకి వెళ్తే లెక్క మారుతుంది. తోక చివర రెండు ఈకలు వేలాడే పోలిగాడు (రాకెట్-టెయిల్డ్ డ్రాంగో) పక్కపిట్టల కూతలన్నీ దించేస్తాడు. వాడు డేగలా అరిస్తే ఏ యాప్ అయినా తడబడాల్సిందే. పైగా ఆ చోట, ఆ కాలంలో ఏవి ఉండొచ్చో మెర్లిన్ లెక్కేసేది, చూసిన పిట్టలను నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జనం రాసిన జాబితాలను బట్టి. ఎవరూ రాయని కొండకు ఆ లెక్క పలచనే.

పేరు పక్కన ఎర్ర చుక్క పడిందంటే అక్కడ అరుదని అర్థం. అప్పుడు గుండె వేగం పెరుగుతుంది, నిజమే. మన తూర్పు కనుమల్లో అలాంటి పిట్ట ఆబట్స్ బాబ్లర్. హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా ఉండే ఈ గోధుమరంగు పిట్ట, వాటికి ఎంతో దూరంగా మన కనుమల తేమ లోయల్లో విడిగా బతుకుతోంది. 1985లో రిప్లే, బీలర్ అనే పక్షిశాస్త్రవేత్తలు ఇక్కడి ఉపజాతికి మన విశాఖ పక్షి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు పెట్టారు. ఇలాంటి పేరును యాప్ చెప్పిందని జాబితాలో ఎక్కించడం నాకు మనసొప్పదు.

అందుకే రికార్డింగ్ దాచి, అదే పొద దగ్గర కదలకుండా కూర్చుంటాను. రప్పించడానికి దాని కూత ఫోన్‌లో వినిపించను; గూడు కట్టే కాలంలో అది పిట్టకు హింస. ఇంటికొచ్చి, పక్షి కూతల రికార్డింగులు దాచే జెనో-కాంటో వెబ్‌సైట్‌లోని కూతలతో పోల్చుకుంటాను. పిట్ట కనబడి, కూతా కుదిరితేనే రికార్డింగ్ జతచేసి ఈబర్డ్‌లో పెడతాను. అరుదైన వాటిని అక్కడి సమీక్షకులు మళ్లీ పరిశీలిస్తారు, ఏం చూశావని అడుగుతారు కూడా. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర కళ్లారా చూసిన పిట్ట ఉండాలి.