సెంటర్ ఫైర్ రివాల్వర్‌కు పెద్ద గ్రిప్: ఏళ్ల తరబడి వాడాక

సెంటర్ ఫైర్ పోటీకి, అంటే అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే తూటాలు వాడే పోటీకి, రివాల్వర్‌కు పెద్ద గ్రిప్ (చేత్తో పట్టే పిడి) కొనాలనుకునే షూటర్లు సాధారణంగా అరచేతి కొలత తీసుకుని బయలుదేరతారు. నేనైతే ముందు బొటనవేలి సంగతి చూసుకోమంటాను. రివాల్వర్ గ్రిప్ మంచిదో కాదో చివరికి ఆ వేలి దగ్గరే తేలుతుంది.

నేను వాడేది స్మిత్ అండ్ వెస్సన్ కె-32 మాస్టర్‌పీస్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో అమ్మకానికి వచ్చిన మోడల్ ఇది. దీని 6 అంగుళాల బ్యారెల్ 152.4 మిల్లీమీటర్లు, పోటీల అంతర్జాతీయ నిబంధన 153 వరకు ఒప్పుకుంటుంది. .32 లాంగ్ వాడ్‌కట్టర్ తూటాతో (కాగితం టార్గెట్‌లో శుభ్రమైన గుండ్రటి రంధ్రం చేసే చదును ముక్కు తూటా) దీని కచ్చితత్వం ఇప్పటికీ తలవంచేది కాదు. లోటల్లా పట్టులోనే ఉంది. ఫ్యాక్టరీ గ్రిప్ రెండు పలుచని చెక్క పలకలు, అంతే. ట్రిగ్గర్ గార్డు వెనుక ఖాళీ ఉండిపోతుంది. మధ్యవేలు ఆ ఖాళీలోకి జారుతుంది, చెయ్యి మొత్తం పైకీ కిందికీ కదులుతుంది. నెమ్మదిగా కాల్చే ప్రిసిషన్ దశలో ఎలాగో నెట్టుకురావచ్చు. రాపిడ్ దశలో మాత్రం కుదరదు. చెయ్యి 45 డిగ్రీలకు దించి నిలబడాలి, టార్గెట్ మనవైపు తిరిగిన 3 సెకన్లలో ఎత్తి ఒక్క గుండు కాల్చాలి, మళ్లీ దించాలి. ఆ 3 సెకన్లలో పట్టు సవరించుకునే వ్యవధి దొరకదు.

ఈ ఏళ్లలో మూడు రకాల పెద్ద గ్రిప్‌లు దీనిమీద బిగించి చూశాను. రబ్బరుది, విదేశాల నుంచి తెప్పించిన వాల్‌నట్‌ది, ఇక్కడే నల్లగొండలో వడ్రంగి చేత చేయించుకున్న టేకుది.

రబ్బరు గురించి ఎక్కువ చెప్పను. అది బలమైన తూటాల ఎదురుతన్నును మింగడానికి పనికొస్తుంది. .32 వాడ్‌కట్టర్‌కు మింగాల్సినంత తన్ను లేదు. పైగా మా ఎండల్లో, 45 డిగ్రీలు దాటిన రోజున, చెమట పట్టిన చేతికి రబ్బరు అతుక్కుపోతుంది. ఒకసారి పట్టు వంకరగా పడితే అలాగే ఉండిపోతుంది. పోటీకి నేను దాన్ని సిఫారసు చేయను.

వాల్‌నట్ గ్రిప్ చాలా అందమైనది. అరచేతి కింద ఎత్తు మార్చుకునే ఆనుడు బల్ల, పక్కన బొటనవేలికి లోతైన గూడు, ఒళ్లంతా చుక్కల చెక్కడం. చేతిలోకి తీసుకోగానే ఇదే కావాలనిపిస్తుంది. కానీ రివాల్వర్‌ను సింగిల్ యాక్షన్‌లో కాల్చేవాళ్లం ప్రతి గుండుకూ హామర్‌ను, అంటే తూటాను కొట్టి పేల్చే సుత్తిని, బొటనవేలితో వెనక్కి లాగాలి. రాపిడ్ దశలో టార్గెట్ పక్కకు తిరిగి ఉండే 7 సెకన్లలోనే ఆ పని జరగాలి. బొటనవేలు గూట్లోంచి లేచి, పైనున్న చెక్క అంచు దాటి, హామర్ లాగి, మళ్లీ గూట్లోకి రావాలి. ఆ అంచు ఎంత ఎత్తుంటే చెయ్యి అంత మెలి తిరుగుతుంది. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కు వరమైన బొటనవేలి గూడు రివాల్వర్‌కు ప్రతి గుండుకూ అడ్డమే. ఆ గూడు పై అంచును ఆకురాయితో దించి, హామర్ వైపు వాలుగా చేశాకే ఆ గ్రిప్ దారికొచ్చింది. అందుకే కొనేటప్పుడు కొంచెం ఎక్కువ చెక్క ఉన్నదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎక్కువైన చెక్కను తీసేయడం తేలిక.

ఎడమ పలక పైభాగం కూడా తప్పక చూడాలి. తూటాలుండే సిలిండర్ తెరిచి ఖాళీ కేసులు (పేలిన తూటాల తొడుగులు) బయటికి నెట్టినప్పుడు, ఫ్రేమ్ పక్కనే ఉన్న కేసు లావు పలక అంచుకు తగిలి ఆగిపోతుంది. అక్కడ అర్ధచంద్రాకారంలో కొంత చెక్క తీయించాలి. దుకాణంలో సిలిండర్ తెరిచి చూపించమని అడిగితే చాలు, వెంటనే తెలుస్తుంది.

టేకు గ్రిప్ నా మనసుకు దగ్గరైనది. చేసిన వడ్రంగి తలుపులు, మంచాలు చేసే మనిషి. ఆయనకు రివాల్వర్ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. పాత గ్రిప్ పలకలు నమూనాగా ఇచ్చి, బయటి రూపం మాత్రం ఆయన చేత చెక్కించి, లోపలి భాగం ఇంట్లో నేనే కూర్చోబెట్టుకున్నాను. ఫ్రేమ్‌కు కాటుక పల్చగా రాసి, పలకను ఆనించి నొక్కి తీస్తే, ఎత్తుగా ఉన్న చోట చెక్క మీద నల్లగా అంటుతుంది. ఆ నలుపును మాత్రమే ఉలి అంచుతో గీకాలి. మళ్లీ కాటుక, మళ్లీ నొక్కడం. నలుపు అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా పలక అంచంతటా సమంగా పరుచుకునే దాకా ఇదే పని. ఇందులో ఓపికే పనిముట్టు. రెండు చోట్ల జాగ్రత్త ఎక్కువ కావాలి. ఫ్రేమ్ మధ్యలో మెయిన్‌స్ప్రింగ్ పట్టీ ఉంటుంది. లోపలి చెక్క దానికి ఏమాత్రం ఒరుసుకున్నా హామర్ దెబ్బ బలహీనమై తూటా పేలకపోవచ్చు. ముందువైపు ఆ స్ప్రింగును బిగించే స్క్రూ తల బయటికి పొడుచుకొస్తుంది, దానికీ చెక్కలో చోటు తీయాలి.

ఫ్రేమ్ వెనుక భాగాన్ని చెక్కతో కప్పాలా, ఖాళీగా వదలాలా అన్నది వేళ్ల పొడవును బట్టి ఉంటుంది. కప్పితే ట్రిగ్గర్ అంత దూరమవుతుంది. హామర్ లాగి ఉంచినప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద నిటారుగా ఆనాలి. నావి పొడుగు వేళ్లు కాబట్టి కప్పించాను. పొట్టి వేళ్లవారు వదిలేయడమే మేలు.

కొలతలు ఎంత సరిగ్గా వచ్చినా నేను నమ్మే పరీక్ష ఒకటే. సిలిండర్ ఖాళీ అని కళ్లారా చూసుకుని, గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని చెయ్యి 45 డిగ్రీల నుంచి ఎత్తాలి. కళ్లు తెరిచేసరికి ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యలో నిలిచి ఉండాలి. ఎప్పుడూ ఎడమకే పోతుంటే గ్రిప్‌లో అరచేతిని నింపే ఉబ్బు దగ్గర చెక్క తీయాలో కలపాలో అప్పుడు ఆలోచించాలి. కలపడానికి ఎం-సీల్ బాగా పనిచేస్తుంది. గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు.

నిబంధనల మాట కూడా. రివాల్వర్ మొత్తం 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పెద్ద గ్రిప్‌తో ఇబ్బంది పెట్టేది ఆ 50 మిల్లీమీటర్ల మందమే. ఒకవైపు అరచేతి ఉబ్బు, మరోవైపు బొటనవేలి బల్ల కలిస్తే సులువుగా దాటిపోతుంది. అరచేతి బల్ల అంచు పైకి వంగకూడదు, గ్రిప్ చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు. బరువు పరిమితి 1,400 గ్రాములు. ఈ రివాల్వర్ దాదాపు 1,100 ఉంటుంది కాబట్టి టేకు వేసినా భయం లేదు.

వార్నిష్ మాత్రం వేయించకండి. చెమటకు జారిపోతుంది. అవిసె నూనె పల్చగా పట్టించి, ఆరనిచ్చి, పట్టు దగ్గర మొనదేలిన మేకుతో చుక్కలు కొట్టుకుంటే చాలు. వానాకాలంలో పలకలు విప్పి ఫ్రేమ్ తుడవడం తప్పనిసరి. చెమట ఉప్పు చెక్క కింద నిలిచి ఇనుమును తినేస్తుంది, అది బయటికి కనిపించదు.

ఈ పాత మోడళ్లకు నంబరు ఫ్రేమ్ పిడి అడుగున ఉంటుంది. పెద్ద గ్రిప్ దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. లైసెన్సు తనిఖీకి వెళ్లేటప్పుడూ, ఎన్నికల సమయంలో స్టేషన్‌లో జమ చేయాల్సి వచ్చినప్పుడూ నేను టేకు పలకలు విప్పి ఇంట్లో ఉంచి, ఫ్యాక్టరీ పలకలు బిగించి తీసుకెళతాను. నంబరు చూపించడానికి అక్కడ స్క్రూడ్రైవర్ వెతుక్కునే పని ఉండదు, చేతికి కుదిరిన చెక్క చెమ్మ గదిలో నెలలకొద్దీ పడి ఉండదు. కాబట్టి కొత్త గ్రిప్ ఎంత బాగా కుదిరినా పాత పలకలను, వాటి స్క్రూను పారేయకుండా దాచుకోండి.