టెస్ట్ డ్రైవ్ ఒక కారులో, చేతికిచ్చింది ఇంకో కారు: స్పోర్ట్స్ కారు వదిలి చిన్న ఎస్‌యూవీకి మారేవాళ్లూ జాగ్రత్త

ఆ షోరూం పేరు రాయను, కొత్త బండి కోసం తిరుగుతున్న వాళ్లలో చాలామందికి రెండో పేరాకే అర్థమైపోతుంది. బయట పెద్ద అద్దాలు, లోపల "మా కుటుంబంలోకి స్వాగతం" అని బోర్డు. ఆ కుటుంబం నుంచి నిన్ననే బయటికి వచ్చాను, కోపం ఇంకా దిగలేదు, మాట ఎక్కడైనా తూలితే సర్దుకోండి.

నేపథ్యం త్వరగా చెప్పేస్తా. ఇన్నేళ్లూ నడిపినవి రెండు సీట్ల కార్లే, చివరిది మాజ్డా ఎంఎక్స్-5, క్లచ్ తొక్కి గేరు మనమే మార్చుకునేది. దాని ఎత్తు మొత్తం 1.23 మీటర్లు, బరువు టన్నుకి కాస్త ఎక్కువ. అందులో కూర్చోవడమంటే నేల మీద కాళ్లు చాపుకుని కూర్చోవడమే. ఎక్కడం ఎలాగో ఎక్కేస్తాం, దిగేటప్పుడే మోకాళ్లు లెక్కలు అడుగుతాయి. చిన్న ఎస్‌యూవీలో సీటు ఇంచుమించు కుర్చీ ఎత్తులో ఉంటుంది, పక్కకి తిరిగి కాళ్లు కింద పెడితే దిగినట్టే. అందుకే మారాలనుకున్నాను. ఒకటే షరతు, మలుపులో బండి నా మాట వినాలి. ఈ ముక్క ఆ సేల్స్ కుర్రాడికి మొదటి రోజే చెప్పాను, రెండో రోజూ చెప్పాను, బుకింగ్ కాగితం మీద సంతకం పెడుతూ కూడా చెప్పాను. ప్రతిసారీ తల ఊపాడు. ఏదో రాసుకున్నాడు కూడా. ఏం రాసుకున్నాడో తర్వాత చూశాను, అక్కడికే వస్తున్నా.

టెస్ట్ డ్రైవ్ అద్భుతం. ఎత్తు బండి కాబట్టి మలుపులో ఒరుగుతుంది, కానీ ఒకేసారి పడిపోయినట్టు కాకుండా నెమ్మదిగా ఒరిగి అక్కడ ఆగింది. మలుపు మధ్యలో రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నా వెనక భాగం చెదరలేదు. ఇన్నాళ్లూ ఎస్‌యూవీలని తిట్టినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. "ఇదే కావాలి" అన్నాను. "ఇదే మేడమ్, అచ్చం ఇదే" అన్నాడు. అచ్చం అనే మాట బాగా గుర్తుంది.

నా పాత కారు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాను, కొత్తది వచ్చింది, రంగు అదే, డాష్‌బోర్డు అదే, స్టీరింగ్ మీద స్పోర్ట్ అనే బటన్ కూడా అదే. (ఆ బటన్ నొక్కితే స్టీరింగ్ బరువెక్కుతుంది, యాక్సిలరేటర్ చురుగ్గా స్పందిస్తుంది, అంతే. కింద చక్రాల కుదుపులు ఆపే సస్పెన్షన్‌కి ఆ బటన్ నొక్కిన సంగతే తెలియదు. పేరు మాత్రం స్పోర్ట్.) మొదటిసారి ఒక పొడవాటి మలుపు వచ్చింది, మధ్యలో చిన్న అతుకు, వెనక చక్రాలు రెండూ కలిసి పక్కకి గెంతాయి. మళ్లీ అదే దారిలో వెళ్లి చూశాను, మళ్లీ గెంతాయి. ఇది నేను నడిపిన బండి కాదని అప్పుడే తెలిసిపోయింది.

వంగి చూసే ఓపిక లేదు కాబట్టి ఫోన్ కెమెరా బండి కిందకి పెట్టి ఫోటో తీశాను. వెనక రెండు చక్రాలనీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు దూలం. టోర్షన్ బీమ్. షోరూంలో నేను నడిపిన డెమో కారు నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే వెర్షన్, దానికి వెనక ఉండేది మల్టీ-లింక్, అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది. నాకు ఇచ్చింది ముందు చక్రాల వెర్షన్. ఇది వీళ్లొక్కరే కనిపెట్టిన విద్య కాదు, ఫోక్స్‌వ్యాగన్ టీ-రాక్, ఆడి క్యూ2 లాంటి వాటిలోనూ ముందు చక్రాల వెర్షన్‌కి టోర్షన్ బీమ్, నాలుగు చక్రాల వెర్షన్‌కి మల్టీ-లింక్ పెట్టి అమ్మారు (నాది ఆ రెండిట్లో ఏదీ కాదు). చిన్న ఎస్‌యూవీలలో ఇది మామూలే. మామూలు కానిది ఏమిటంటే ఒకటి నడిపించి ఇంకోటి అంటగట్టి "అచ్చం ఇదే" అనడం.

టోర్షన్ బీమ్ అంటేనే చెత్త అని నేను అనడం లేదు. 2019లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో ముందు చక్రాల కార్ల రికార్డు కొట్టిన రెనో మెగాన్ ట్రోఫీ-ఆర్‌కి వెనక ఉన్నది టోర్షన్ బీమే. కానీ అది నేలకి అంటుకున్నట్టుండే కారు. ఎస్‌యూవీలో బరువంతా ఎత్తులో ఉంటుంది, ఒరగకుండా ఆపాలంటే స్ప్రింగులూ బీమూ గట్టిగా చెయ్యాలి, అలా చేస్తే ఒక చక్రం గుంతలో పడిన కుదుపు రెండోదానికీ చేరుతుంది. తిన్నగా మార్కెట్‌కి వెళ్లొచ్చేవాళ్లకి ఏ తేడా తెలియదు. నాకు తెలుస్తుంది, నడుముతో తెలుస్తుంది.

సరే, షోరూంకి వెళ్లాను. తోడుగా మా అబ్బాయి వచ్చాడు. వాడికి క్లచ్ ఏ కాలితో తొక్కాలో కూడా తెలియదు, పుట్టి బుద్ధెరిగాక ఆటోమేటిక్ తప్ప ముట్టుకోలేదు. మేనేజర్ నేను అడిగిన ప్రతిదానికీ వాడి ముఖం చూసే జవాబు చెప్పాడు. "సార్, అమ్మగారు ఇక స్పీడుగా మలుపులు తిప్పరు కదా, ఈ వయసుకి ఇదే కంఫర్ట్. ఏదైనా అయితే ఈఎస్‌సీ ఉంది, అదే చూసుకుంటుంది." అయ్యా, ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) చేసేది బండి జారుతుంటే ఏదో ఒక చక్రానికి బ్రేకు వేసి దారిలోకి తేవడం. 1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్ స్వీడన్‌లో దుప్పి పరీక్షలో (దారికి దుప్పి అడ్డం వచ్చినట్టు బండిని ఒక్కసారిగా పక్కకి తిప్పి చూసేది) బోల్తా పడ్డాక ఆ కంపెనీ ప్రతి ఏ-క్లాస్‌లోనూ పెట్టింది ఇలాంటిదే. అది ఆఖరి నిమిషంలో కాపాడేది, రోజూ నడపడంలో లేని సుఖాన్ని తెచ్చిపెట్టేది కాదు. ఇదంతా చెప్పాను. మా అబ్బాయితో "అమ్మగారికి బాగా తెలుసే సార్" అని నవ్వాడు.

నా ఆర్డర్‌లో ఏం రాశారో చూపించమన్నాను. కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. వేరియంట్ కోడ్ దగ్గర వేలు పెట్టి "ఇదిగో, మీ సంతకం దీనికే" అని చూపిస్తున్నాడు, నా కళ్లు దాని కింద రిమార్క్స్ అనే గడి మీద పడ్డాయి. "పెద్దావిడ. మోకాళ్ల నొప్పి. ఎత్తు సీటు ఉంటే చాలు. పాత కారు మంచి కండిషన్."

చదివి ఇంకోసారి చదివాను. మలుపుల గురించి ఒక్క అక్షరం లేదు. తల ఊపుతూ ఆ కుర్రాడు రాసుకున్నది ఇదన్నమాట. చివరి ముక్క చూశారా, నా అవసరాల జాబితాలో నా పాత కారు కండిషన్! వాళ్లకి కావలసింది ఏమిటో అంత నిజాయితీగా రాసుకున్నందుకు మెచ్చుకోవాలి. నేను చూసేశానని గమనించి తెర మళ్లీ అటు తిప్పేసుకున్నాడు. సారీ లేదు, ఏమీ లేదు. "అది మా ఇంటర్నల్ మేడమ్."

పోనీ ఇది వెనక్కి తీసుకుని నా కారు నాకిచ్చేయండి అన్నాను. "అది ఎప్పుడో వెళ్లిపోయింది మేడమ్, అలాంటివి నిలవవు, మంచి డిమాండ్ కదా." నేను బాధపడతానని కూడా తోచలేదు, ఏదో శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. ఆర్డర్ ఫారం వెనక చీమలంత అక్షరాల్లో ప్రదర్శన వాహనానికీ ఇచ్చే వాహనానికీ తేడాలుండవచ్చు అని ఉందట, అది చదివి వినిపించాడు, ఈసారి మాత్రం నా ముఖం చూసే.

లిఖితపూర్వకంగా ఫిర్యాదు పంపాను. ఆ రిమార్క్స్ గడి ఫోటో తీయలేకపోయాను, అదే కడుపు మంట.

మీరు కొనేటట్టయితే: డెమో కారు వేరియంట్ కోడ్, టైరు సైజు, వెనక సస్పెన్షన్ ఏ రకమో ఆర్డర్ ఫారం ముందు వైపే రాయించుకోండి, వీలైతే మీకు ఇవ్వబోయే వేరియంట్‌నే నడపనివ్వమని పట్టుబట్టండి. టైరు మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు కూడా చూడండి, 1523 అని ఉంటే 2023లో 15వ వారం తయారీ. కొత్త బండి నడిపి చూసుకునేదాకా పాత కారు తాళాలు ఇవ్వకండి, ఎంత తొందరపెట్టినా సరే.