గలీనానా, పైరైటా?

బ్యాటరీ లేకుండానే పాట వినిపించే క్రిస్టల్ రేడియోకు ప్రాణం అందులోని రాయి. నేల నుంచి ఏరుకొచ్చే రాళ్లలో ఈ పనికి ముందు గుర్తొచ్చేవి గలీనా, ఐరన్ పైరైట్.

గలీనా అంటే లెడ్ సల్ఫైడ్. పల్నాడులోని అగ్నిగుండాల గనుల్లో దొరికిన సీసపు ఖనిజం ఇదే. జగదీశ్ చంద్రబోస్ 1901లో దరఖాస్తు చేసి, 1904లో అమెరికా పేటెంట్ పొందిన డిటెక్టర్‌లో, అంటే రేడియో తరంగాలను పసిగట్టే పరికరంలో, వాడిందీ గలీనానే. దీని సున్నితత్వానికి సాటి లేదు. బలహీనమైన సిగ్నల్ కూడా ఇయర్‌ఫోనులో స్పష్టంగా పలుకుతుంది. అయితే సన్నని తీగ మొనను రాయి మీద అక్కడక్కడా ఆనించి, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చోటును వెతకాలి. అది దొరికాక బల్ల కదిలితే చాలు, మళ్లీ మొదటికొస్తుంది. చేతి జిడ్డు తగిలినా పాడవుతుంది. పైగా ఇందులో సీసం ఉంది కాబట్టి రాయిని పగలగొట్టేటప్పుడు పొడి పీల్చకూడదు, చేతులు కడుక్కోవాలి.

పసుపు పచ్చగా మెరిసే పైరైట్ ఇనుము, గంధకాల సమ్మేళనం. గలీనా గోటి కంటే కొంచెమే గట్టిది. పైరైట్ గాజును గీస్తుంది. అందుకే తీగను కాస్త గట్టిగా నొక్కి ఉంచవచ్చు, కుదుపులనూ తట్టుకుంటుంది. శబ్దం మాత్రం తగ్గుతుంది.

పిల్లలతో కట్టించాలంటే నేను పైరైట్‌నే ఇస్తాను. మీడియం వేవ్ స్టేషను దూరంగా ఉంటే మాత్రం ఓపిక పట్టి గలీనాతోనే కూర్చోవాలి. రెండింటికీ రెండు వేల ఓముల నిరోధం ఉన్న ఇయర్‌ఫోను, పొడవైన ఏరియల్, మంచి ఎర్త్ తప్పనిసరి.