చికెన్ సాసేజ్ అని కొన్నాను, పైతొడుగు పందిదట! చూసుకుని కొనండి

అమెరికాలో ఉంటూ పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టని మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అన్నీ తినేవాళ్లకు ఇందులో పెద్ద విషయమేమీ లేదు, వదిలేయండి.

సంగతేమిటంటే, పేరు చికెన్ సాసేజ్ అయినంత మాత్రాన అదంతా చికెన్ కాదు. లోపల కూరింది కోడి మాంసమే. కూరిన గొట్టం మాత్రం పంది పేగు కావచ్చు. ఈ దేశం వచ్చి పదకొండేళ్లయినా నాకీ ముక్క తెలియలేదు. తెలిసేసరికి మా అమ్మ రెండుసార్లు వడ్డించుకుని తినేసింది.

మేముండేది న్యూజెర్సీలో. అమ్మా నాన్నా తెనాలి నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చారు. ఇద్దరూ కోడి, చేప, మేక తింటారు. సోమవారం, శనివారం అదీ ఉండదు. ఒక ఆదివారం సాయంత్రం మా పాప బేక్డ్ జీటి చేయమని పట్టుబట్టింది. ఇక్కడ ఇటాలియన్ మూలాలున్న కుటుంబాలు ఎక్కువ కదా, పిల్లల పుట్టినరోజైనా స్కూల్లో ఫంక్షనైనా అల్యూమినియం ట్రేలో జీటి ఉండి తీరుతుంది, మన శుభకార్యాల్లో పులిహోరలాగా. గొట్టాల పాస్తా, టమాటా సాస్, రికోటా చీజ్, పైన మొజరెల్లా చీజ్, అన్నీ కలిపి ఓవెన్‌లో పెట్టడమే. సాసేజ్ ముక్కలు పడితే దాని రుచే వేరు. ఇటాలియన్ సాసేజ్‌లో సోంపు వేస్తారు. సోంపు, వెల్లుల్లి, ఎండుమిరప పలుకులు అంటే మన నాలుకకి చుట్టమే. అమ్మానాన్నలకు కూడా నచ్చుతుందనే చేశాను.

ఊళ్లో ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌కి వెళ్లాను. ప్యాకెట్లు వద్దు, తాజాగా ఉంటుందని మీట్ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అద్దం వెనక 'ఇటాలియన్ స్టైల్ చికెన్ సాసేజ్' అని బోర్డుంది. "ఇందులో పోర్క్ ఏమైనా కలుపుతారా?" అని అడిగాను. "లేదు, అంతా చికెనే" అన్నాడు కౌంటర్‌లో ఉన్న అబ్బాయి. అబద్ధం చెప్పాడని నేననుకోను. నేను మాంసం గురించి అడిగాను, అతను మాంసం గురించే చెప్పాడు. రెండు పౌండ్లు తూచి తెల్ల కాగితంలో చుట్టి స్టిక్కర్ అంటించాడు. దాని మీద పేరు, బరువు, ధర ఉన్నాయి. ఏమేం వేశారో లేదు.

ఇంటికొచ్చి చక్రాల్లా కోసి పెనం మీద వేయిస్తుంటే అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. "పైన ఆ తోలేంట్రా, తీసేయవా?" అంది. "అది తినేదేనమ్మా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంది.

రెండు వారాల తర్వాత మళ్లీ కొందామని అదే కౌంటర్‌కి వెళ్లాను. అప్పుడే ఒకావిడ కొత్త పెట్టె తెరిచి సాసేజ్‌లు ట్రేలో సర్దుతోంది. పెట్టె మీద పేరు పెద్దక్షరాల్లో ఉంది. దాని కింద, కళ్లద్దాలు సర్దుకుంటే గానీ కనపడనంత సన్నగా, 'పోర్క్ కేసింగ్‌లో' అని ఉంది. కేసింగ్ అంటే ఆ పైతొడుగే. మేనేజర్‌ని పిలిపించాను. "ఆ విషయం బోర్డు మీద కూడా ఉందండీ" అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే ఉంది. బోర్డు అడుగున చివరి వరుసలో ఉంది, అలంకారానికి పెట్టిన కొత్తిమీర లాంటి ఆకు దాన్ని కప్పేసింది. పోయినసారి బిల్లు డబ్బులు వాపసు ఇస్తామన్నారు, తీసుకున్నాను. బోర్డు మారుస్తామని కూడా అన్నారు. పోయిన వారానికి ఇంకా మారలేదు.

ఆ రాత్రి కూర్చుని దీని గురించి చదివితే చాలా విషయాలు తెలిశాయి. ఇక్కడి వ్యవసాయ శాఖ రూల్ ప్రకారం లోపలి మాంసం ఒక జంతువుది, పైనున్న పేగు ఇంకో జంతువుదీ అయితే ఆ సంగతి లేబుల్ మీద రాయాలి. అంటే ప్యాకెట్ కొంటే సమాచారం ఎక్కడో ఒకచోట ఉంటుంది, వెతుక్కోవడమే మన పని. ముందువైపు పేరు కింద సన్నక్షరాలు చూడండి, తర్వాత వెనక ఇంగ్రీడియెంట్స్‌లో చివరి మాటలు చూడండి. 'ఆల్ నేచురల్', 'యాంటీబయాటిక్స్ లేవు' లాంటి పెద్దక్షరాలకు దీనితో ఏ సంబంధమూ లేదు.

'నేచురల్ కేసింగ్' అంటే పేగు అని అర్థం. పందిది కావచ్చు, గొర్రెది కావచ్చు, ఎద్దుది కావచ్చు. 'కొలాజన్ కేసింగ్' అని ఉంటే ఇంకా జాగ్రత్త. అదేదో ముఖానికి రాసుకునే క్రీము పేరులా ఉంటుంది కానీ, ఎక్కువగా పశువుల చర్మం నుంచి తీసి చేస్తారు. పంది నుంచి కూడా తీస్తారు. కాబట్టి కొలాజన్ అన్న మాట కనిపిస్తే నేను కిందపెట్టేస్తున్నాను. 'ఆల్జినేట్' అంటే సముద్రపు నాచు నుంచి వచ్చింది, దానితో మనకు ఇబ్బంది లేదు. 'స్కిన్‌లెస్' అని ఉంటే పైతొడుగే ఉండదు.

ఇంకోటి, మనవాళ్లు చాలామంది హలాల్ అని ఉంటే చాలు, కళ్లు మూసుకుని కొంటారు. హలాల్ అయితే పందిది ఉండదు, నిజమే. కానీ ఎద్దు పేగో, ఎద్దు కొలాజనో ఉండటానికి దానితో అడ్డేమీ లేదు. గొడ్డు మాంసం తినని ఇళ్లవాళ్లు అక్కడా లేబుల్ చదవాల్సిందే.

కౌంటర్ దగ్గర కొనేటప్పుడు "పోర్క్ ఉందా" అని అడగకండి. "కేసింగ్ దేనితో చేసింది? పెట్టె మీద లేబుల్ ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. నాకు ఇప్పటిదాకా ఇద్దరు చూపించారు, ఒకరు విసుక్కున్నారు. విసుక్కున్నచోట కొనడం మానేశాను.

అసలు ఇంత తలనొప్పి అక్కర్లేదని తర్వాత తెలిసింది. జీటిలోకి సాసేజ్ చక్రాలే పడాలని ఏం లేదు, పొడిపొడిగా వేయించిన మాంసం ఇంకా బాగా కలుస్తుంది. పౌండు చికెన్ కీమా తీసుకోండి, తొడ మాంసం అయితే ఎండిపోదు. చెంచాడు సోంపు కచ్చాపచ్చాగా దంచి, మూడు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా ఎండుమిరప పలుకులు, ఒక చెంచా పాప్రికా, మిరియాల పొడి, ఉప్పు కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. తర్వాత ఆలివ్ నూనెలో చిదుపుతూ వేయించండి. కోడి మాంసం కాబట్టి లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ రావాలి. పౌండు జీటిని ప్యాకెట్ మీద చెప్పినదానికంటే రెండు నిమిషాలు ముందే దించేసి, సాస్, రికోటా, ఈ కీమా కలిపి 9 బై 13 ట్రేలో సర్ది పైన మొజరెల్లా చల్లండి. 375 డిగ్రీల్లో ఫాయిల్ కప్పి ఇరవై నిమిషాలు, తీసేసి ఇంకో పది నిమిషాలు.

చీజ్ దగ్గర కూడా ఒక మాట. ఇంట్లో శాకాహారులుండి వాళ్లకు విడిగా ట్రే చేస్తుంటే, అసలైన పార్మిజానో రెజానో వేయకండి. దాన్ని దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తోనే తోడుపెడతారు. ఇండియాలోలాగా ఇక్కడి ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉండదు, చాలావాటి మీద 'ఎంజైమ్స్' అని రాసి ఊరుకుంటారు. 'వెజిటేరియన్ రెనెట్' గానీ 'మైక్రోబియల్' గానీ అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి.

అమ్మకు చెప్పాలా వద్దా అని మూడు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తోలు తీసేయమని అప్పుడే అన్నానా లేదా" అంది. మర్నాడు తలంటు పోసుకుని, నాన్నకు మాత్రం చెప్పొద్దంది. కీమాతో చేసిన జీటి ఇద్దరూ తిన్నారు. సోంపు ఇంకాస్త పడాలని అమ్మ అభిప్రాయం.

మీరుండే చోట పేగు లేకుండా, కొలాజన్ లేకుండా దొరికే చికెన్ సాసేజ్ తెలిస్తే, లేబుల్ ఫోటోతో సహా చెప్పండి. మాటమీద నమ్మే ధైర్యం నాకిప్పుడు లేదు.