క్యాథ్‌ల్యాబ్‌లో ఏ డోసిమీటర్ మేలు? ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచేదే డోసిమీటర్. బ్యాడ్జ్‌లా తగిలించుకునే టీఎల్‌డీ, ఓఎస్‌ఎల్, బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ డోసిమీటర్ – ఈ మూడూ క్యాథ్‌ల్యాబ్‌లో (ఎక్స్‌రేలో చూస్తూ గుండె రక్తనాళాలకు చికిత్స చేసే గదిలో) వాడి చూశాను. ఒక్కటే ఎంచుకోమంటే ఓఎస్‌ఎల్ అంటాను.

టీఎల్‌డీని తీసిపారేయలేం, లెక్క నమ్మకంగానే ఉంటుంది. కాకపోతే దాన్ని వేడిచేసి చదువుతారు, చదవడంతోనే అందులో నిల్వ ఉన్నది చెరిగిపోతుంది. అనుమానం వచ్చినా మళ్లీ చూసుకునే దారి ఉండదు. ఓఎస్‌ఎల్‌ని కాంతితో చదువుతారు. ప్రతిసారీ తరిగేది కొంచెమే కాబట్టి ఇంకోసారి చదివించుకోవచ్చు. మా సహోద్యోగి ఒకరికి ఒక విడతలో డోస్ (తగిలిన రేడియేషన్ మోతాదు) బాగా ఎక్కువ చూపించింది. తిరిగి చదివించినా అంకె మారలేదు. ఆరా తీస్తే, ఆయన సెలవులో ఉన్నన్నాళ్లూ రేడియేషన్‌ని ఆపే ఏప్రాన్‌తోపాటు బ్యాడ్జ్ కూడా ల్యాబ్‌లోని స్టాండ్‌కే వేలాడిందని తేలింది! కొన్ని ఓఎస్‌ఎల్ బ్యాడ్జ్‌ల్లో సన్నని లోహపు జాలీ ఉంటుంది. దాని నీడ పదునుగా పడితే, బ్యాడ్జ్ కదలకుండా ఉన్నప్పుడే కిరణాలు తగిలాయని అర్థం.

ఎలక్ట్రానిక్‌ది అప్పటికప్పుడే చెబుతుంది. ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే చిత్రం) నడుస్తుండగా ఎక్స్‌రే ట్యూబ్ వైపు నుంచి ఒక అడుగు వెనక్కి వేస్తే, మైక్రోసీవర్ట్‌లలో చూపే రేడియేషన్ రేటు తగ్గడం కళ్లారా చూడొచ్చు. ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా రాని అలవాటు దీంతో వచ్చింది. అయితే కొనేముందు రెండు విషయాలు గట్టిగా అడగాలి. ఎంత తక్కువ శక్తి ఉన్న కిరణాల నుంచి కొలుస్తుంది? అణువిద్యుత్ కేంద్రాల కోసం చేసిన చాలా మోడళ్లు 50, 60 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర మొదలవుతాయి. మన దగ్గర రోగి ఒంటికి తగిలి చెదిరే ఎక్స్‌రేల్లో అంతకన్నా తక్కువవీ బోలెడు. రెండోది, పల్స్ కిరణాల్లో (ఆగి ఆగి వచ్చేవాటిలో) పరీక్షించారా? నేరుగా బీమ్‌లో పడితే కొన్ని పరికరాలు ఉక్కిరిబిక్కిరై, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. అందుకే రికార్డుకు దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోను.

ఏది తీసుకున్నా ఏప్రాన్ లోపల ఒకటి, కాలర్ దగ్గర బయట ఒకటి ఉండాల్సిందే. కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌లుగా ఉన్న పరిమితిని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో 20కి (అయిదేళ్ల సగటున) తగ్గించమంది. ఏప్రాన్ లోపలి బ్యాడ్జ్‌కి కళ్ల సంగతి తెలియదు.

నా ఓఎస్‌ఎల్ మీద ఉన్న ఫిర్యాదల్లా క్లిప్ గురించే. వదులుగా ఉండి బ్యాడ్జ్ తిరగబడుతుంది, కిరణాల శక్తిని అంచనా వేసేందుకు ముందువైపున్న ఫిల్టర్లు ఒంటివైపుకు పోయి ఆ లెక్క తప్పుతుంది. బిగువైన క్లిప్ విడిగా అడిగి తెప్పించుకోండి, ఇస్తారు.