మాలపల్లి: కావలి, స్టూవర్టుపురం చరిత్ర పక్కన పెట్టుకుని చదవాల్సిన నవల

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ని మన వైపు ఎక్కువమంది గుంటూరు నవల అనేసి ఊరుకుంటారు. ఊరు మంగళాపురం కల్పితమే అయినా మాట తీరు గుంటూరు పల్లెలది, రాసినాయన వేములూరుపాడు మనిషి. అయితే కథానాయకుడైన మాల రైతు రామదాసు కుటుంబం సెటిల్మెంటు (నేరస్థులని ముద్ర వేసినవాళ్లను కాపలాలో ఉంచే చోటు) పాలయ్యే భాగానికి వచ్చేసరికి ఈ నవల నెల్లూరు, ప్రకాశం వాళ్లకు సొంత చరిత్ర అవుతుంది. చాలామంది గబగబా తిప్పేసే పేజీలు కూడా అవే. రామదాసు కొడుకు సంగదాసు హత్య దాకా ఊపిరి బిగబట్టి చదివి, ఆ తర్వాత కథ సాగదీశారని పుస్తకం మూసేస్తారు. నా లెక్కలో నవలకు ప్రాణం ఆ తర్వాతి భాగమే.

ముందు చట్టం సంగతి తెలిస్తే చదవడం తేలికవుతుంది. నేరస్థ జాతుల చట్టం మొదట 1871లో ఉత్తరాదికి వచ్చింది. మద్రాసు రాజధానికి (ప్రెసిడెన్సీకి) 1911 చట్టంతో వర్తించింది. ఏదైనా తెగ, ముఠా, లేదా వర్గం అలవాటుగా నేరాలు చేస్తోందని ప్రభుత్వం అనుకుంటే చాలు, గెజిట్‌లో ప్రకటించేది. ఒక్కొక్కరి మీద కేసు రుజువు కానక్కర్లేదు. ఆ ప్రకటన చెల్లదని కోర్టుకు వెళ్లే దారీ లేదు. పేర్లు నమోదు చేసి, వేలిముద్రలు తీసుకుని, వేళకు హాజరు చెప్పించుకునేవారు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. మనుషుల్ని ఒకచోటికి తరలించి కాపలాలో ఉంచి పని చేయించే సెటిల్మెంట్లకూ, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక బడుల్లో పెట్టడానికీ అదే చట్టం వీలిచ్చింది. ఈ నాలుగు ముక్కలూ తెలిస్తే నవలలో అతిశయోక్తి అనిపించే చాలా ఘట్టాలు నేల మీద నిలబడతాయి.

ఆ సెటిల్మెంట్లు మనకు ఎంత దగ్గరో చూడండి. కావలిలో ఉన్నది అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ దాని బాధ్యత చూశాడు. బాపట్ల, చీరాల మధ్య రైలు ఆగే స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. అక్కడి వాళ్లను చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. మనుషుల్ని బాగుచేస్తున్నామన్న మాట వెనక చౌక కూలీ దొరికే ఏర్పాటు ఉందని అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలు. సెటిల్మెంటు అధికారి దయకూ దౌర్జన్యానికీ మధ్య గీత ఎంత సన్ననిదో నవల చూపిస్తుంది. ఆ పని ఏ సర్కారు రిపోర్టూ చేయదు.

ఇక చరిత్రతో తేడా వచ్చే చోటు. నవలలో ఆ నిర్బంధంలో పడేది భూమి పోగొట్టుకున్న ఒక మాల కుటుంబం. మన జిల్లాల్లో ఈ చట్టం దెబ్బ ప్రధానంగా తగిలింది ఎరుకలవాళ్లకు. చట్టంలో ‘ముఠా, వర్గం’ అన్న మాటలు ఉన్నాయి కాబట్టి రామదాసు కథ కాగితం మీద అసాధ్యమేమీ కాదు. కానీ ఎరుకలవాళ్ల మీద ‘దొంగ’ ముద్ర ఎలా పడిందన్న సంగతి నవల చదివితే తెలియదు. వాళ్లలో చాలామంది గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్ట ప్రాంతాలకు చేరవేసి, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవాళ్లు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది. 1882 మద్రాసు అడవుల చట్టంతో బుట్టలకు వెదురు తెచ్చుకోవడం కష్టమైంది. 1899లో బెజవాడ, మద్రాసు మధ్య రైలు కలిశాక సరుకు బండెక్కింది, గాడిదకు పని పోయింది. బతుకుతెరువు పోయి ఊళ్లు తిరిగేవాళ్లను చూసి పోలీసులు నేరస్థులన్నారు. ఈ వెనక కథ లేకపోవడం నవలలో నాకు కనిపించే పెద్ద లోటు. అదే ఉన్నవ గారు ఎరుకలసాని సోది చెప్పే పద్ధతిని తీసుకుని ‘స్వరాజ్య సోది’ అని వేరే రాశారు. ఆ రెండూ కలిపి చదివితే బాగుంటుంది.

రామదాసు నోట అంత వేదాంతం ఏమిటి, ఆ రోజుల్లో సాధ్యమా అని అడిగేవాళ్లకు ఒంగోలు చరిత్రలోనే జవాబుంది. 1866లో క్రైస్తవంలోకి వచ్చిన యర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం చేసే మాదిగ. అంతకుముందు గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. అంటరానివాళ్లన్న వాడల్లో తత్వాలు, యోగం, గురుపరంపర ఉండేవన్నమాట. కాబట్టి రామదాసు పాత్రను రచయిత తన మాటలు చెప్పించుకోవడానికి పెట్టిన బొమ్మ అనడం అన్యాయం. తేడా మరోచోట ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కాలంలో మతం మారిన ఆ జనంలో అత్యధికులు మాదిగలు. నవల చూపు మాత్రం వైష్ణవ భక్తి నిలిచిన మాలపల్లె మీద ఉంటుంది. నవలను పట్టుకుని ఒంగోలు వైపు దళితుల కథంతా ఇదే అనుకుంటే సగం తప్పిపోతుంది.

కూలి తగాదా ఘట్టాలకు ఎక్కువ వివరణ అక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గింజల ధర బాగా పెరిగిందని గుర్తుంచుకుంటే, కూలి ధాన్యంగా ఇవ్వాలా డబ్బుగా ఇవ్వాలా అన్నది ఎందుకంత ప్రాణాంతకమైందో తెలుస్తుంది. భూస్వామి కొడుకు రామానాయుడి సంసారం కథ నెమ్మదిగా నడుస్తుంది. అక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

రచనా కాలం కూడా లెక్కలోకి తీసుకోండి. పలనాటి పుల్లరి (అడవిలో పశువుల మేత మీద పన్ను) సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఉన్నవ గారు దీన్ని రాయవేలూరు జైల్లో రాశారు. అచ్చయింది 1922లో. మద్రాసు ప్రభుత్వం రెండుసార్లు నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాకే అడ్డు తొలగింది. ఉద్యమం మధ్యలో రాసిన నవల కాబట్టే స్వరాజ్యం వస్తే అన్నీ చక్కబడతాయన్న ఆశ చివరి భాగంలో అంత గట్టిగా వినిపిస్తుంది. ఆ ఆశ ఎరుకలవాళ్ల విషయంలో పూర్తిగా తీరలేదు. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది గానీ, అంతకుముందే 1948లో మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చేసింది.

కొనేటప్పుడు సంక్షిప్త ప్రతి కాకుండా చూసుకోండి. కుదించేవాళ్ల కత్తెర ముందు పడేది సెటిల్మెంటు, జైలు అధ్యాయాల మీదే. కాశీనాథుని నాగేశ్వరరావు గారి పీఠిక ఉన్న పూర్తి ప్రతి అడిగి తీసుకోండి. పీఠిక మాత్రం నవల అయ్యాక చదవండి, కథ ముందే తెలిసిపోతుంది. చదివాక కావలి గానీ స్టూవర్టుపురం గానీ చూడాలనిపిస్తే, అక్కడ ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఉద్యోగాలు, సేద్యం చేసుకుంటూ బతుకుతున్నారని గుర్తుంచుకుని వెళ్లండి. ‘దొంగల ఊరు’ అన్న మాట వాళ్ల ముందు ఎత్తకండి.